మూత చప్పుడు

శ్రీకాకుళం,
12 జులై 2015

తమ్ముడు త్రినాథ్‌కి,

ఫోన్‌లో నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, మర్నాటికి ఎవరేమన్నారో ఇద్దరికీ గుర్తుండదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. దీని నకలు నా దగ్గర ఉంటుంది. జవాబు కూడా కాగితం మీదే రాయి.

విషయం నాన్న గొలుసు గడియారం. పోయిన నెల సంవత్సరీకానికి గరివిడి వచ్చినప్పుడు ఫొటో ముందు ఆయన కళ్ళజోడు, చేతికర్ర పెట్టారు గాని గడియారం పెట్టలేదు. నీ భార్య అనూరాధని అడిగితే, "బీరువా తాళం అత్తయ్య దగ్గరుంది వదినా" అంది. అమ్మని అడిగితే, "బీరువాలో ఉన్నాది, ఎక్కడికెల్లిపోతాది" అంది. పితృకార్యం రోజు గొడవెందుకని ఊరుకున్నాను.

మొన్న గాజు విరిగితే అతుకు పెట్టించడానికి విజయనగరం వెళ్ళాను. మన ఇంటి బంగారం ఎప్పుడూ చేసే షరాబు జగన్నాధం గారి దుకాణానికే. నాన్నకి ఆ గడియారం అమ్మింది కూడా ఆయనే. కూర్చుని తలెత్తితే ఎదురుగా అద్దాల బీరువాలో, ఎర్ర మఖమలు మీద, నాన్న గడియారం! పొరపాటు పడటానికి వీల్లేదు. నువ్వు చిన్నప్పుడు రుబ్బురోలు మీద పడేస్తే మూత అంచుకి పడిన సొట్ట అలాగే ఉంది.

"ఇది మా నాన్నగారిది, మీ దగ్గరకెలా వచ్చింది?" అన్నాను.

"అవునమ్మా, ధర్మారావు గారిదే. నాను అమ్మిన సరుకు నాను గుర్తుపట్టలేనేటి?" అన్నాడు. "కొన్నాక కూడా మీ నాన్న మూడు మాట్లు తెచ్చినాడు. మూత స్ప్రింగు బిగించమనీవోడు. మూసినప్పుడు సప్పుడు సాల్లేదనీవోడు." ఆ మాటకి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాన్నకి ప్రతిదీ అంత కచ్చితంగా ఉండాలి మరి.

"ఎవరు తెచ్చి ఇచ్చారు?" అంటే మాత్రం పెదవి విప్పలేదు. "వెనక గుమ్మంలో వచ్చింది ముందు గుమ్మంలో సెప్పకూడదమ్మా. మా తాతల కాడ్నుంచి అదే కట్టు. సెప్పడం మొదలెడితే ఈ ఊర్లో ఏ ఇంటి పరువు నిలబడతాది?"

మూడు సంగతులకు జవాబు కావాలి. ఒకటి, నాన్న పోయాక గడియారం నీ ఇంట్లో ఉందా లేదా? రెండు, బీరువా నీ ఇంట్లో ఉందా లేదా? మూడు, అమ్మడానికి నీకు చేతులెలా వచ్చాయి? గడియారం తిరిగి నాన్న ఫొటో ముందుకి వచ్చేదాకా నీ గడప తొక్కను.

పద్మకుమారి

*

గరివిడి,
21 జులై 2015

అక్కకి,

ఒకటీ రెండూ మూడూ అని నంబర్లు వేసి రిజిస్టర్ పోస్టులో పంపావు. లాయరు నోటీసు అనుకుని అనూరాధ సంతకం పెట్టడానికి భయపడింది. కొట్లో ఫ్యాక్టరీ వాళ్ళు నలుగురు సరుకులకి నిలబడి ఉండగా పోస్టుమేన్ చేత నా పరువు తీయించావు. సంతోషం.

నీ మూడింటికీ ఒకటే జవాబు. నేను అమ్మలేదు. ఉప్పూ పప్పూ అమ్ముకునేవాణ్ణి, నాన్న వస్తువు అమ్ముకునేవాణ్ణి కాదు. నీ ఉత్తరం చూశాకే బీరువా తీయించాను. గడియారం పెట్టె ఉంది, గడియారం లేదు. అమ్మ పెట్టె కేసి చూసి, "అయ్యో, ఏటైపోనాదిరా" అని మంచం మీద కూర్చుండిపోయింది. ఈ వయసులో అమ్మని అలా చేసినందుకు నీకు దండం పెట్టాలి.

ఇప్పుడు నేను అడుగుతాను, నంబరు వెయ్యకుండా. మే నెలలో అమ్మ ఒక రాత్రి నీ ఇంట్లో ఉండి వచ్చింది. "పద్మని సూసి సాలా కాలమైపోనాది" అని మా ఇంట్లో గిన్నెలు తోమే ధనలక్ష్మిని తోడు తీసుకుని పాసింజరు ఎక్కింది. మర్నాడు సాయంత్రం తిరిగొచ్చింది. వెళ్ళేటప్పుడు సంచీ గుండెలకి హత్తుకుని వెళ్ళింది, వచ్చేటప్పుడు ఊపుకుంటూ వచ్చింది. అమ్మ అంత హుషారుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. చీర నిండా ఎండుచేపల వాసన. ఉల్లిపాయ కూడా వారం చూసి తినే మన ఇంట్లో ఎండుచేపల వాసనేమిటని అనూరాధ ఆ చీర రెండుసార్లు ఉతికింది. బస్సులో ఎవరో గంప పక్కన కూర్చోబెట్టారంది అమ్మ. బస్సెందుకు ఎక్కింది, స్టేషన్‌కి నువ్వు రాలేదా అని అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ సంచీలో ఏముందో, అది ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో నువ్వే రాయి. దొంగతనం చేసి, దొంగా దొంగా అని ముందుగా అరిచేది నువ్వే కావచ్చు.

గడప తొక్కనన్నావు. తొక్కమని ఎవరూ బతిమాలడం లేదు.

త్రినాథ్

*

శ్రీకాకుళం,
2 ఆగస్టు 2015

త్రినాథ్‌కి,

ఉత్తరం ముట్టింది. చదివి ఆయనకిచ్చాను. మీ బావ రాంబాబు గారు ఎవరి మీదా మాట తూలని మనిషి. ఆయన కూడా, "వీడికి అబద్ధం ఆడటం కూడా రాదే" అన్నారు.

మే నెలలో అమ్మ మా ఇంటికి రాలేదు. ఒక్క పూట కూడా రాలేదు. మా ఇంట్లో ఏ రోజు ఎవరు భోంచేశారో, ఎన్ని లీటర్ల పాలు పోయించుకున్నానో నేను రాసుకుంటాను, నీకు తెలుసు. మే నెల మొత్తం తిరగేశాను. అమ్మ లేదు. మరి డెబ్భై దాటిన మనిషిని పనిమనిషి వెంట ఏ రైలెక్కించావు? ఎక్కించావో లేదో, ఈ కథ కట్టడానికి అమ్మ చీరనీ ఎండుచేపలనీ వాడుకున్నావో నాకు తెలియదు. నన్ను దొంగని చెయ్యడానికి మాత్రం అమ్మని సాక్షిగా నిలబెట్టావు.

జగన్నాధం గారికి ఫోన్ చేశాను. ఇచ్చినవాళ్ళు ఆడవాళ్ళా మగవాళ్ళా, అదైనా చెప్పమన్నాను. "మా దుకాణంలో కొన్నది తిరిగొస్తే మేమే తీసుకోవాల తల్లీ, లేదనకూడదు. అంతకన్నా సెప్పకూడదు" అన్నాడు. అంటే ఇచ్చినవాళ్ళకి అది ఆ దుకాణంలో కొన్నదని తెలుసు. బయటి దొంగకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? దీపావళిలోపు నేనే కొనుక్కుంటాను, ఎవరికీ అమ్మొద్దని చెప్పాను.

ఆ గడియారం నీకు బంగారం ముక్క. నాకు నాన్న. రోజూ పొద్దున్నే దానికి కీ ఇచ్చే పని ఆయన నాకొక్కదానికే అప్పగించారు. నీకు కాదు, అమ్మకి కూడా కాదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆయన పీట మీద కూర్చుని గడియారం మూత తెరిచి పక్కన పెట్టుకునేవారు. వడ్డన ఆలస్యమైతే ఒక్క మాట అనేవారు కాదు. మూత మూసి, లేచి, కొట్టుకి వెళ్ళిపోయేవారు. అంతే. అరవకుండా, చెయ్యెత్తకుండా ఇల్లు నడిపిన మనిషి. ఈ రోజు నా ఇల్లు గీత గీసినట్టు నడుస్తోందంటే అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. నీ కొట్టు లెక్కలు చూస్తే నువ్వేం నేర్చుకున్నావో తెలుస్తుంది.

ఇంకొకటి. అమ్మని చూసుకోవడం నీ వల్ల కాకపోతే చెప్పు. తీసుకొచ్చేస్తాను.

పద్మకుమారి

*

గరివిడి,
17 ఆగస్టు 2015

అక్కకి,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను, మొత్తం. చదువుతుంటే అనూరాధ వద్దంది. అయినా చదివాను.

అమ్మ ఏమందో మాట పొల్లుపోకుండా రాస్తున్నాను. "పద్మ ఇంటికే ఎల్లినాను. అది మర్సిపోనాది. దానికి పాలలెక్క గుర్తుంటాది గాని తల్లి గుర్తుంటాదేటి?" అంది. అని పక్కకి తిరిగి పడుకుంది. ధనలక్ష్మిని అడిగితే, "అమ్మగారేటంటే అదే నాయనా" అని గిన్నెలు మరింత గట్టిగా తోమింది.

ఇప్పుడు చెప్పు. అమ్మ అబద్ధం చెబుతోందంటావా? నన్ను దొంగ అన్నావు, పడ్డాను. అమ్మని కూడా అంటే పడేవాణ్ణి కాదు. తల్లి వచ్చి ఇంట్లో పడుకుని వెళితే రాలేదని రాసిన నీ పుస్తకం నువ్వే ఉంచుకో.

నాన్న పీట, నాన్న మూత, నాన్న కీ అని రాశావు. చివరి ఏడాది మంచం మీద ఆయన్ని ఒళ్ళు తుడిచి కూర్చోబెట్టింది ఎవరు? మూడు నెలలకోసారి యాపిల్ పళ్ళతో వచ్చి, మందుల చీటీలు తేదీల ప్రకారం సర్ది వెళ్ళింది ఎవరు? ఆయన గడియారానికి కీ ఇచ్చావు నిజమే. ఇచ్చి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయావు. అది తిరుగుతోందో ఆగిందో తరవాత చూసింది మేము.

అమ్మని తీసుకెళతానన్నావు. ఆమె ఏమైనా బస్తానా, ఎత్తుకుపోవడానికి?

ఇక రాయకు.

త్రినాథ్

*

శ్రీకాకుళం,
9 సెప్టెంబరు 2015

త్రినాథ్‌కి,

రాయకు అన్నావు. రాయకుండా ఉండేదాన్నే, నువ్వు ఈ పని చెయ్యకపోతే.

నిన్న డబ్బు పట్టుకుని విజయనగరం వెళ్ళాను. నా రెండు పేటల గొలుసు అమ్మకానికి ఇచ్చి మరీ సమకూర్చుకున్నాను. గంటస్తంభం దగ్గర ఆటో దిగి నడుస్తుంటే, నాన్నని ఇంటికి తీసుకెళుతున్నానన్నంత సంబరంగా ఉంది. దుకాణంలో అద్దాల బీరువా కేసి చూశాను. ఎర్ర మఖమలు మీద గుండ్రటి గుంట ఉంది. గడియారం లేదు.

"అమ్ముడైపోనాదమ్మా" అన్నాడు జగన్నాధం.

"దీపావళి దాకా ఆగమన్నాను కదా!"

"మీరు ఆగమన్నారు. కొన్నవారికి అంతకన్నా ఎక్కువ అక్కు ఉన్నాది. నాను కాదనలేకపోనాను."

"ఎవరు?"

"అమ్మినోరి పేరు సెప్పనోణ్ణి, కొన్నోరి పేరు సెప్తానా? కోప్పడకండి. కాఫీ తెప్పించమంటారా?"

ఎనభై ఏళ్ళ మనిషి కాబట్టి బతికిపోయాడు. దుకాణంలో పెళ్ళి నగలు చూస్తున్న వాళ్ళందరి ముందూ నేను ఆయన్ని అనవలసినవన్నీ అన్నాను. గోడకి ఆనుకుని అన్నీ విని, చివర్న, "మీ నాన్న పోలికేనమ్మా. ఆయనైతే అనీవోడు కాదు, సూసి ఎల్లిపోయీవోడు" అన్నాడు. అది పొగడ్తో తిట్టో నాకు తెలియలేదు.

నా అంతట నేను కొంటానని తెలియగానే నువ్వు వెళ్ళి అక్కడ్నుంచి తీయించేశావు. కరిగించావో, ఇంకెక్కడో అమ్మావో నీకే తెలియాలి. హక్కు ఎక్కువ ఉన్నవాడివి నువ్వు కాక ఇంకెవరు?

సిరిమాను పండగకి విజయనగరం వస్తున్నాం, నేనూ మీ బావా. అటునుంచి అటే గరివిడి వచ్చి అమ్మని తీసుకెళతాను. గుమ్మం లోపలికి రాను. అమ్మ బట్టలు సర్ది ఉంచమని అనూరాధకి చెప్పు. మందులు ఏ పూటవి ఆ పూటకి వేరువేరు కవర్లలో పెట్టమను.

పద్మకుమారి

*

గరివిడి,
30 సెప్టెంబరు 2015

అక్కకి,

ఇది కోపంతో రాయడం లేదు. కోపంగా ఉన్నప్పుడు రెండు మొదలుపెట్టి చింపేశాను.

గడియారం నా దగ్గరుంది. కొన్నది నేనే. కొట్టుకి కొత్త షట్టరు వేయిద్దామని దాచిన డబ్బు పెట్టి కొన్నాను. నువ్వు అమ్మని తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు నీ ఒళ్ళో పడేసి, ఇదిగో నీ నాన్న, పట్టుకుపో, మళ్ళీ మా వైపు రాకు అని చెబుదామని కొన్నాను. కొడుకు అడిగితే ఇవ్వడం ధర్మమని జగన్నాధం ఇచ్చాడు. ఎవరు అమ్మారో మాత్రం నాకూ చెప్పలేదు.

ఇన్నాళ్ళూ కొట్లో దాచి, మొన్న సోమవారం ఇంటికి తెచ్చాను. మధ్యాహ్నం రెండు దాటింది. అమ్మ వెనక వసారాలో గుమ్మం మీద కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, పెరుగన్నంలో మాగాయ నంజుకుంటూ ధనలక్ష్మితో ఎవరిదో పెళ్ళి కబుర్లు చెబుతోంది. నాన్న పోయాక అమ్మ అలాగే తింటోంది. ఒక రోజు పదకొండుకి, ఒక రోజు మూడుకి. ముసలితనమనుకున్నాం.

నేను ముందు గదిలో కూర్చుని గడియారం తీశాను. కీ ఇచ్చాను. తిరిగింది. మూత మూశాను. ఠక్కుమంది.

వెనక కబుర్లు ఆగిపోయాయి. కంచంలో నీళ్ళు పడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే అమ్మ సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకుని లేచి నిలబడింది. కొంగు బొడ్లో దోపుకుంటోంది.

"ఏటత్తయ్యా, అన్నం వదిలేశారు?" అంది అనూరాధ.

"ఆయన లేసెల్లిపోనారు" అంది అమ్మ.

అక్కా, ఆ మాట అన్నాక గాని అమ్మకి తాను ఏమన్నదో తెలియలేదు. తరవాత నా చేతిలో గడియారం చూసింది. అంతలేసి తిట్లు అమ్మ నోట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. "ఒరే, దీన్నెందుకు తెచ్చినావురా? అమ్మీసినాను గదరా! అమ్మినోడికే ఇచ్చీసి, నీ ఇంట్లోంచి వచ్చినాది, నీ ఇంట్లోనే సావనీ అన్నాను గదరా!"

అప్పుడు చెప్పింది. నువ్వు వినాలని అమ్మ మాటల్లోనే రాస్తున్నాను.

"పన్నెండున్నరకి ఇస్తరి ముందుండాల. పొగలు కక్కితే పట్టదు, సల్లారితే పట్టదు. నిమిషం అటైతే మూత టక్కుమనీది. తిట్టీవోడు కాదు, కొట్టీవోడు కాదు. లేసెల్లిపోయీవోడు. మొగుడు తినకుండా నానెలా తింటాను? మీ నాయనమ్మ ఎదురుగుండా కూకునీది, సూస్తాను తింటావేటో అన్నట్టు. ఆయనకేటి, కొట్టు పక్క సోములు ఓటల్లో ఇడ్డెన్లు లాగించీవోడు. సీకటడి ఇంటికొచ్చి ఆయన తిన్నాక నాకు మెతుకు. నివ్వు కడుపులో ఉన్నప్పుడు కూడా అంతేరా. మీరు ఇస్కూల్లో ఉండీవోరు, మీకేటి తెలుస్తాది. అదేమో పొద్దున్నే దానికి కీ ఇచ్చీసి ఎల్లిపోయీది."

అదేమో అంటే నువ్వే.

మే నెలలో నీ ఇంటికి రాలేదట. ముందు విజయనగరం వెళ్ళి గడియారం ఇచ్చేసింది. అట్నుంచి రైల్లో ఆమదాలవలస దాకా వచ్చి, బస్సెక్కి సముద్రం ఒడ్డున కళింగపట్నం వెళ్ళింది. అక్కడ ధనలక్ష్మి పుట్టిల్లు. పెళ్ళయిన కొత్తలో నాన్న ఒకసారి తీసుకెళ్ళి, కాళ్ళు తడవకముందే మూత మూసి బస్సెక్కించేశారట. అందుకని ఈసారి పొద్దుగూకేదాకా నీళ్ళలో నిలబడిందట. చేపలు ఎండేసిన చోట పడవ నీడన పడుకుని నిద్రపోయిందట. "ఆకలేసినప్పుడు తిన్నాను. అంతే. ఇంకేటి సెయ్యలేదు" అంది, నేనేదో అంటానని.

నీకు తెలుసా ఇదంతా?

త్రినాథ్

*

శ్రీకాకుళం,
9 అక్టోబరు 2015

త్రినాథ్‌కి,

నాకు తెలియదు. తెలిసినట్టు అడగకు.

నీ ఉత్తరం ఆయనకి చూపించలేదు.

అమ్మ చెప్పిందంతా నిజమని నువ్వు ఎలా నమ్మావు? ఆగస్టులో "పద్మ ఇంటికే ఎల్లినాను" అంది. నమ్మి నన్ను తిట్టావు. ఇప్పుడు ఇంకొకటి చెబుతోంది. ఇదీ నమ్మావు. నాన్న పోయి ఏడాది దాటింది. జవాబు చెప్పుకోలేని మనిషి గురించి ఎవరేమన్నా చెల్లుతుంది. ఆయన కొట్టు వదిలేసి హోటల్లో కూర్చుని ఇడ్లీలు తినడం ఎవరు చూశారు? బయట మంచినీళ్ళు కూడా తాగరని ఊరంతా చెప్పుకునే మనిషి. సోములు ఇంకా ఉన్నాడుగా, అడిగి రాయి. అడగకుండా రాయకు.

అయినా, ఆకలేస్తే తినొచ్చు కదా? ఎవరు వద్దన్నారు? నాయనమ్మ పోయాక ఎవరు చూస్తున్నారని తినలేదు? నోరు తెరిచి ఒక్కసారి చెబితే నాన్న వినకపోయేవారా? ఇన్నేళ్ళూ చెప్పకుండా ఉండి, ఆయన పోయాక ఆయన వస్తువు మీద కసి తీర్చుకోవడం ఏం న్యాయం? అమ్మతో ఈ మాట నేను చెప్పానని చెప్పు. నేను నాన్న కూతురిని. ఆయన ఏం చేసినా ఒక పద్ధతిలో చేశారు.

గడియారం నాకు పంపించు. మా ఇంట్లో అది ఎన్నిసార్లు మోగినా ఎవరూ కంచం ముందునుంచి లేవరు. నీ షట్టరు డబ్బు నీకు పంపిస్తాను. సిరిమానుకి వస్తానన్న మాట అలాగే ఉంది. అమ్మ ఇక్కడికి వస్తే నేను నెమ్మది మీద మాట్లాడతాను.

రోజూ కీ ఇచ్చింది నేనే అని అమ్మ అందా, నువ్వు కలిపి రాశావా?

పద్మకుమారి

*

గరివిడి,
24 అక్టోబరు 2015

అక్కా,

తొందరగా రాస్తున్నాను, ఫ్యాక్టరీ షిఫ్టు వదిలే వేళయింది.

సోములుని అడిగాను. చెవులు వినపడవు, గట్టిగా అరవాల్సొచ్చింది. బజారంతా విన్నది. "సెట్టిగారా? మద్దేన్నం రెండు పలేట్లు ఆయన కోసం అట్టేపెట్టీవోణ్ణి. వెనక బల్ల మీద, గోడకేసి తిరిగి కూకుని తినీవోడు. ఎవరికీ సెప్పొద్దనీవోడు. ఇంట్లో వంట బాగోదేమోనని నాను జాలిపడీవోణ్ణి" అన్నాడు. అడగమన్నావు, అడిగాను.

కీ సంగతి అమ్మే అంది. నేను కలపలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న పొద్దున్న అమ్మ ధనలక్ష్మిని తీసుకుని వెళ్ళింది. నీ ఉత్తరంలో నువ్వు చెప్పమన్న మాటలు మొన్న చెప్పాను. విని లేచింది. సంచీ సర్దుకుంది. "ఎక్కడికమ్మా" అంటే, "పద్మ ఇంటికి" అంది. అది విని నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. సాయంత్రం బీరువా తీశాను. పెట్టె ఉంది, గడియారం లేదు.

ఒకే గడియారం రెండుసార్లు అమ్మింది అక్కా. రెండోసారి నా షట్టరు డబ్బు పెట్టి కొన్నది. ఎవరి మీద కేసు పెట్టమంటావు?

ఈ రాత్రికి రాకపోతే నేను రేపు కళింగపట్నం వెళతాను. నీ ఇంటికి నిజంగా వస్తే ఫోన్ చెయ్యి. అరవను.

త్రినాథ్

*

శ్రీకాకుళం,
4 నవంబరు 2015

తమ్ముడికి,

ఫోన్‌లో "వచ్చింది, బాగానే ఉంది" అని పెట్టేశాను. మిగతాది అలా చెప్పలేకపోయాను. అందుకు రాస్తున్నాను. దీనికి నకలు ఉంచుకోవడం లేదు.

నువ్వు ఉత్తరం రాసిన రోజే మధ్యాహ్నం బాగా పొద్దుపోయాక తలుపు చప్పుడైంది. తీస్తే అమ్మా ధనలక్ష్మీ. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, ఉప్పు కట్టి, ఇసక రాలుతోంది. ఎండుచేపల వాసన నువ్వు రాసినదానికన్నా ఎక్కువే ఉంది. కడిగి ముగ్గు పెట్టిన గడప మీద నిలబడి, "ఈపాలి నిజింగానే నీ ఇంటికొచ్చినాను. రాసుకో, మళ్ళీ మర్సిపోగలవు" అంది.

నేను అమ్మని చాలా అడగాలనుకున్నాను. వరసగా అనుకుని ఉంచుకున్నాను కూడా. నాన్న మీద అలా ఎందుకన్నావని మొదలు పెట్టబోయాను. "ఆకలేస్తన్నాది. అన్నం పెట్టు, తరవాత దెబ్బలాడుదువు గాని" అంది.

ఆ వేళకి మా ఇంట్లో వంటిల్లు కడిగేసి ఉండాలి. ఇంత ఆలస్యమా అని గోడ గడియారం వైపు తల తిప్పబోయాను. అమ్మ నా మొహంలోకే చూస్తోంది. నేను గడియారం ఎటు చూస్తానా అని చూస్తోంది. తల దించుకుని వంటింట్లోకి వెళ్ళాను.

అన్నం కూరలు అన్నీ మూతలు పెట్టి ఉన్నాయి. అమ్మ అవి చూసింది.

"నివ్వు తిన్నావేటే?"

"ఆయన ఇంకా రాలేదమ్మా. బేంకు పని మీద వెళ్ళారు. వచ్చాక తింటాను."

ఆ మాట నా నోటి నుంచి రోజూ వచ్చేదే. మీ బావ నన్ను ఆగమని ఏనాడూ అనలేదు. ఆయనకి గడియారం లేదు, మూత లేదు, ఆలస్యమైతే "సారీ" అని కూడా అంటారు. అయినా నేను ఆగుతాను. ఎందుకు ఆగుతానో నాకు తెలియదు.

అమ్మ గోడవార బోర్లించిన కంచాలు మూడు తీసింది. ఒకటి ధనలక్ష్మి ముందు, ఒకటి తన ముందు, ఒకటి నా ముందు పెట్టింది. "కూకో" అంది. నేను నిలబడే ఉన్నాను. "పద్మా, కూకోయే" అంది. నాకు వడ్డించింది. వంకాయ కూర నాకే ఎక్కువ వేసింది. "నివ్వెందుకే ఆగడం? నిన్నెవరు ఆగమన్నారే?" అంది. నీకు రాసిన ఉత్తరంలో నేను అమ్మని అడిగిన మాటే అది. కావాలనే అందో ఏమో, మొహం చూస్తే తెలియలేదు.

తిన్నాం. మేము మజ్జిగలోకి వచ్చేసరికి మీ బావ వచ్చారు. గుమ్మంలో నిలబడి మా ముగ్గురినీ చూశారు. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, కంచం ఆయనే తెచ్చుకుని మా వరసలో కూర్చున్నారు. "వంకాయ ఉందా, అయిపోయిందా?" అన్నారు. అమ్మ నోరు మూసుకుని నవ్వింది. అలా నవ్వితే అమ్మ బుగ్గ మీద సొట్ట పడుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

అమ్మకి ఇంకో వారం ఇక్కడే ఉండాలని ఉంది. నేను ఉండమనలేదు, వెళ్ళమనలేదు. నిన్న మళ్ళీ ఒకసారి సముద్రం అంది. ఎప్పటికి తిరిగొస్తావని అడగబోయి ఆగిపోయాను.

నీ మీద నాకు కోపం పోలేదు. నాన్న మంచాన పడ్డప్పుడు యాపిల్ పళ్ళతో వచ్చానని రాశావు. అది మనసులో పెట్టుకున్నాను, తీసెయ్యలేను. నాన్న మీద కూడా ఏమనుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను. గోడకేసి తిరిగి తిన్నారన్న మాట దగ్గర ఆగిపోతున్నాను. నీ షట్టరు డబ్బు ఏ పద్దులో రాయాలో తెలియక రాయలేదు. అనూరాధ నా పెద్ద స్టీలు డబ్బా సంవత్సరీకం నాడు ఉంచేసుకుంది. అది మాత్రం పంపించమను.

జులైలో అతుక్కి ఇచ్చిన గాజు తెచ్చుకోవడానికి మొన్న విజయనగరం వెళ్ళాను. అద్దాల బీరువాలో, ఎర్ర మఖమలు మీద, సొట్ట మూత. జగన్నాధం గారు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకున్నారు, మళ్ళీ తిడతానేమోనని. నేనేమీ అడగలేదు. ఆయనే బీరువా తెరిచి, గడియారం చేతిలోకి తీసుకుని, "ఆగిపోనాదమ్మా. కీ ఇచ్చి సూపించమంటారా?" అన్నారు.

వద్దన్నాను.

అక్క